క్రీడ్‌మోర్ తరహా రీప్రొడక్షన్ రైఫిల్‌ను 1000 గజాల గురికి సిద్ధం చేసుకోవడం

1874 సెప్టెంబరులో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మోర్ రేంజ్‌లో ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో పోటీపడ్డాయి. జట్టుకు ఆరుగురు. ఒక్కొక్కరూ ప్రతి దూరంలో 15 గుళ్లు పేల్చాలి. ఐరిష్ వాళ్లవి మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్లు. అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. చివరికి 934కు 931తో అమెరికా గెలిచింది. ఐరిష్ జట్టులో ఒకరి గుండు పక్కవాళ్ల టార్గెట్ నడిమధ్యలో తగలడంతో దానికి సున్నా వేశారు. ఎవరి రైఫిల్ మీదా టెలిస్కోప్ లేదు. వెనక కొలత గీతల కడ్డీ మీద ఎక్కిదిగే, సన్నటి చిల్లున్న వెర్నియర్ సైట్, ముందు గుండ్రటి గ్లోబ్ సైట్, అంతే.

ఆ రైఫిళ్లే ఈ రోజు మళ్లీ తయారవుతున్నాయి. కొత్తగా తీసుకున్నవాళ్లు మొదట బారెల్‌నే అనుమానిస్తారు. నిజానికి పేరున్న తయారీదారుల బారెళ్లు నాటి ఉక్కుకన్నా గట్టివి, లోపలి కొలతలూ నిలకడగా ఉంటాయి. దూరపు గురి చెడేది ఎక్కువగా రెండు చోట్ల: ఒరిగిన సైట్, గొట్టంలో (బారెల్‌లో) గట్టిపడిన మసి. అందుకే ఇక్కడ ఆ రెండింటికే ఎక్కువ చోటిస్తున్నాం. లైసెన్సు, నిల్వ, తూటాలు నింపుకునే విషయాల్లో మీరున్న చోటి చట్టం ఏం చెబుతుందో ముందే చూసుకోండి.

ఏది తీసుకోవాలి

తూటా రైఫిళ్లలో ప్రధానంగా మూడు రూపాలు దొరుకుతాయి: 1874 షార్ప్స్, రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్, 1885 హై వాల్. షార్ప్స్‌లను అమెరికాలోని మొంటానా రాష్ట్రం బిగ్ టింబర్ ఊళ్లో షైలో, సి. షార్ప్స్ అనే రెండు సంస్థలు చేస్తాయి. ఇటలీలో గార్దోనే వాల్ ట్రోంపియాలోని పెదెర్సోలి ఈ మూడు రూపాలతో పాటు మూతి నుంచి దట్టించే గిబ్స్, విట్‌వర్త్‌లను కూడా చేస్తుంది. ఊబెర్తి కూడా ఇటలీదే. షార్ప్స్‌కు హ్యామర్ పెద్దది, బరువైనది. ట్రిగ్గర్ తెగిన క్షణానికీ మందు అంటుకునే క్షణానికీ మధ్య కాస్త ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, పేలాక కూడా గురి వదలకుండా పట్టుకునే అలవాటు తప్పనిసరి. రోలింగ్ బ్లాక్‌లో భాగాలు తక్కువ, శుభ్రం చేయడం తేలిక.

మొదటి రైఫిల్‌కు .45-70 తూటా చాలు (పేరులో మొదటి అంకె గుండు వ్యాసం అంగుళాల్లో, రెండోది నాటి మందు తూకం గ్రెయిన్లలో; ఒక గ్రెయిన్ సుమారు .065 గ్రాము). ఖాళీ కేసులు (తూటా ఇత్తడి తొడుగులు) సులభంగా దొరుకుతాయి, వెనక్కి తన్నడం భరించగలిగేంత ఉంటుంది, మసి కూడా తక్కువ. 1000 గజాలే ప్రధాన లక్ష్యమైతే .45-90 కాస్త వేగం ఎక్కువ ఇస్తుంది. .45-110, .45-120 పేర్లకు చాలామంది ఆకర్షితులవుతారు. ఎక్కువ మందు అంటే ఎక్కువ మసి, ఎక్కువ తన్ను. పడుకుని అరవై గుళ్లు పేల్చాక భుజం బెదిరి ట్రిగ్గర్‌ను గుంజడం మొదలవుతుంది. మొదటి రైఫిల్‌గా అవి వద్దు.

బారెల్ 30 నుంచి 34 అంగుళాల మధ్య ఉండాలి. రైఫ్లింగ్ ట్విస్ట్ (గుండును తిప్పే లోపలి మెలి గాడుల చుట్టు) 18 అంగుళాలకు ఒక చుట్టు అయితే 500 నుంచి 550 గ్రెయిన్ల పొడవాటి గుండు చివరిదాకా స్థిరంగా తిరుగుతుంది. సైనిక రైఫిళ్ల నమూనాలో 22 అంగుళాలకు ఒక చుట్టుతో చేసినవి కూడా అమ్మకానికి వస్తాయి, అందుకే అడగకుండా కొనకండి. మీరు ఆడబోయే పోటీ బరువు పరిమితి కూడా చూడండి. నాటి క్రీడ్‌మోర్ నియమం 10 పౌండ్లు, ట్రిగ్గర్ కనీసం 3 పౌండ్ల లాగుడు. నేటి బ్లాక్ పౌడర్ సిల్హౌట్ (జంతువుల ఆకారపు లోహపు టార్గెట్లను పడగొట్టే) పోటీల్లో సైట్లతో కలిపి 12 పౌండ్ల 2 ఔన్సుల దాకా అనుమతి ఉంది.

చేతికొచ్చాక ముందు కొలవాల్సినవి

రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ట్విస్ట్ కొలవడం ఐదు నిమిషాల పని. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డ చుట్టి గొట్టంలోకి నెట్టండి. రాడ్‌కు ఒక పక్క చిన్న టేపు ముక్క అంటించి, మూతి దగ్గర రాడ్ మీద గీత పెట్టండి. మెల్లగా లాగుతుంటే టేపు చుట్టూ తిరుగుతుంది. అది మళ్లీ మొదటి వైపుకు వచ్చినప్పుడు రాడ్ ఎంత బయటికొచ్చిందో అదే ట్విస్ట్. పొడవు చాలకపోతే అర చుట్టు కొలిచి రెట్టింపు చేయండి.

తర్వాత గొట్టం లోపలి వ్యాసం. మెత్తటి స్వచ్ఛమైన సీసపు గుండుకు నూనె రాసి, చెక్క కడ్డీతో గొట్టం పొడవునా నెట్టి, బయటికొచ్చిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవండి. నెట్టేటప్పుడు చేతికి తెలిసేది కూడా ముఖ్యమే: ఒకచోట వదులై, మరోచోట బిగుసుకుంటే ఆ గొట్టం లోపల సమంగా లేదు. .45 బారెళ్లలో గ్రూవ్ (లోపలి గాడి) వ్యాసం మామూలుగా .458 అంగుళం దగ్గర ఉంటుంది. గుండు దానికి సమానంగానో, .001 ఎక్కువగానో ఉండాలి. గ్రూవుల సంఖ్య బేసి అయితే మామూలు మైక్రోమీటర్ కొలత నమ్మొద్దు, ఎందుకంటే ఒక గ్రూవ్‌కు ఎదురుగా ల్యాండ్ (రెండు గాడుల మధ్య గట్టు) వస్తుంది.

డబుల్ సెట్ ట్రిగ్గర్ (ఒకటి నొక్కితే రెండోది చాలా తేలికయ్యే జంట ట్రిగ్గర్) ఉంటే, ఖాళీ రైఫిల్‌ను సెట్ చేసి పిడి మడమను రబ్బరు చాప మీద మెల్లగా తట్టండి. హ్యామర్ పడిపోతే రెండు ట్రిగ్గర్ల మధ్యనున్న చిన్న స్క్రూ మరీ సున్నితంగా పెట్టారని అర్థం, దాన్ని సరిచేయాలి. ఫైరింగ్ పిన్ కొన ఒకసారి భూతద్దంలో చూడండి. అంచు పదునుగా ఉంటే ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీకి) చిల్లు పడి వేడి వాయువు వెనక్కి వస్తుంది. కొనను గుండ్రంగా నునుపు చేసే పని తుపాకుల మెకానిక్‌కు వదిలేయండి.

సైట్లు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

చాలా రైఫిళ్లతో పాటు వచ్చే చవక టాంగ్ సైట్ (హ్యామర్ వెనక పిడి మీదుండే టాంగ్ అనే లోహపు పట్టీకి బిగించే వెనక సైట్) చూడ్డానికి పాతకాలపుదిలానే ఉంటుంది. దాని నిలువు కడ్డీని వేళ్లతో పట్టి పక్కకు కదపండి. కంటికి కనిపించేంత ఆట ఉంటే 1000 గజాలకు అది పనికిరాదు. లెక్క చూడండి. వెర్నియర్ మీద ఒక పాయింట్ అంటే .010 అంగుళం. వెనక సైట్ నుంచి ముందు సైట్‌కు 34 అంగుళాల దూరం ఉంటే, ఒక పాయింట్ 100 గజాల దగ్గర గుండును దాదాపు ఒక అంగుళం, 1000 గజాల దగ్గర పదిన్నర అంగుళాలు కదుపుతుంది. కడ్డీలో నాలుగు పాయింట్ల ఆట అంటే టార్గెట్ మీద మూడున్నర అడుగులు.

కడ్డీ పొడవు కూడా చూసుకోవాలి. చాలా .45-70 లోడ్లకు 100 గజాల సెట్టింగ్ నుంచి 1000 గజాలకు సుమారు 170 నుంచి 190 పాయింట్లు పైకెత్తాల్సి వస్తుంది, అంటే రెండంగుళాలకు కాస్త తక్కువ. పొట్టి కడ్డీతో సగం దూరానికే సైట్ అయిపోతుంది. కొనేముందు మీ టాంగ్ మీదున్న రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, మరల రకం కొలిచి అమ్మేవాళ్లకు చెప్పండి. ఇటాలియన్ రైఫిళ్ల రంధ్రాలు అమెరికన్ సైట్ బేస్‌లకు అన్నిసార్లూ సరిపోవు.

వెర్నియర్ చదవడం: చాలా సైట్లలో ప్రధాన స్కేల్ గీతల మధ్య దూరం .050, అంటే 5 పాయింట్లు. వెర్నియర్ సున్నా గీత ఒక అంగుళం దాటి, ఆపైన మూడు చిన్న గీతలు దాటిందనుకోండి. 100, దానికి 15, మొత్తం 115. ఇప్పుడు వెర్నియర్‌లో ఏ గీత పక్కనున్న ప్రధాన గీతతో సూటిగా కలిసిందో చూడండి. మూడోది కలిస్తే 118. మరలో ఉండే కొద్దిపాటి వదులు లెక్క తప్పించకుండా, ప్రతిసారీ కింది నుంచి పైకే తిప్పుతూ అంకెకు చేరండి. దాటిపోతే బాగా కిందికి దించి మళ్లీ పైకి రండి.

ఇక ఒరగడం సంగతి. ముందు సైట్‌లో స్పిరిట్ లెవెల్ ఎందుకు పెడతారో ఈ లెక్క చెబుతుంది. గొట్టం గీతకు పైన 180 నిమిషాల (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం) కోణం ఎత్తి ఉన్నప్పుడు రైఫిల్ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే, అందులో మూడు నిమిషాలకు పైగా పక్క దిశలోకి పోతుంది. 1000 గజాల దగ్గర అది సుమారు 33 అంగుళాలు. 1874లో నడిమధ్య గుర్తు మూడడుగుల చదరం. మధ్య బిందువు నుంచి అంచుకు 18 అంగుళాలే. గాలి లేకపోయినా, ట్రిగ్గర్ బాగా నొక్కినా, ఆ ఒక్క డిగ్రీ చాలు గుండు బయటికి పోవడానికి.

అయితే బుడగ మధ్యలో ఉన్నంత మాత్రాన సరిపోదు. బుడగ మధ్యలో ఉన్నప్పుడు వెనక కడ్డీ నిజంగా నిట్టనిలువుగా ఉండాలి. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. 20 మీటర్ల దూరంలో రెండు మీటర్ల పొడవున్న మందపాటి తెల్ల దారానికి బరువు కట్టి వేలాడదీయండి, వెనక నల్ల గుడ్డ ఉంటే స్పష్టంగా కనిపిస్తుంది. రైఫిల్‌ను కదలకుండా బిగించి, బుడగ మధ్యకు తెచ్చి, కడ్డీ అడుగున ఉంచి చూస్తూ ముందు సైట్‌ను దారం పైభాగం మీద నిలపండి. ఇప్పుడు రైఫిల్‌ను ముట్టకుండా వెనక సైట్‌ను రెండంగుళాలు పైకి తిప్పండి. చూపు దారం వెంబడి దాదాపు 1.2 మీటర్లు కిందికి దిగుతుంది. ముందు సైట్ ఇంకా దారం మీదే ఉంటే కడ్డీ సరిగ్గా ఉన్నట్టే. పక్కకు 2 సెంటీమీటర్లు జరిగితే ఒక డిగ్రీ తేడా.

తేడా వస్తే రెండు దారులు: టాంగ్ సైట్ బేస్ కింద ఒక పక్క పల్చటి ఇత్తడి రేకు పెట్టడం, లేదా ముందు సైట్‌ను దాని గాడిలో సరిచేసి లెవెల్‌ను కడ్డీకి అనుగుణంగా తేవడం. అర అంగుళం వెడల్పున్న బేస్‌కు ఒక డిగ్రీ అంటే .2 మిల్లీమీటర్లకు కాస్త పైన రేకు, కాబట్టి ఎక్కువ పెట్టకండి. సరిచేశాక పరీక్ష మళ్లీ చేయండి. గొట్టం గుండ్రటిది, అది ఒరిగినా ఫరవాలేదు. కడ్డీ, బుడగ ఒకమాట మీద ఉంటే చాలు.

ముందు సైట్‌లో వేసే ఉంగరం పరిమాణానికి తేలికైన లెక్క ఉంది. కంటి నుంచి ముందు సైట్‌కు సుమారు 36 అంగుళాలు, 1000 గజాలంటే 36,000 అంగుళాలు. కాబట్టి నేటి 44 అంగుళాల నల్ల వృత్తం ముందు సైట్ దగ్గర .044 అంగుళం వెడల్పుగా కనిపిస్తుంది. ఉంగరం .070 నుంచి .080 దాకా ఉంటే నలుపు చుట్టూ తెల్లటి అంచు సమంగా మిగులుతుంది. మరీ బిగుతైన ఉంగరంలో నలుపు మసకబారి అంచులో కలిసిపోతుంది, అది ఒక పక్కకు జరిగినా కన్ను పట్టుకోలేదు.

తూటా తయారీ

ఇందులో వాడేది బ్లాక్ పౌడర్ మాత్రమే. పొగరాని ఆధునిక మందును బ్లాక్ పౌడర్ కొలతల్లో నింపితే రైఫిల్ పేలిపోతుంది, మూతి నుంచి దట్టించేవాటిలో అయితే దాన్ని ఏ కొలతలోనూ పోయకూడదు. నింపే బల్ల మీద ఒకసారికి ఒకే మందు డబ్బా ఉంచండి.

గుండుకు 20 పాళ్ల సీసం, 1 పాలు తగరం మంచి మొదలు. తగరం లేని మెత్తటి సీసపు గుండు పేలుడు తోపుకు ముక్కు దగ్గర కుంగి ఒక పక్కకు వాలిపోతుంది. మరీ గట్టి మిశ్రమమైతే అడుగు భాగం ఉబ్బి గ్రూవులను నింపదు, గొట్టంలో సీసపు చారలు పడతాయి. పోసిన గుళ్లను తూచి, తేలికవాటిని పక్కన పెట్టండి, లోపల గాలి బుడగ ఉన్నది అలాగే దొరుకుతుంది.

.45-70 నేటి కేసులో 535 గ్రెయిన్ల గుండుకు సాధారణంగా 60 నుంచి 68 గ్రెయిన్ల 1.5 ఎఫ్ లేదా 2 ఎఫ్ (రేణువుల పరిమాణం గుర్తులు) మందు పడుతుంది. మందు తయారీదారు ఇచ్చిన కొలతల్లో కింది అంకెతో మొదలుపెట్టండి. కేసులోకి రెండడుగుల పొడవాటి విడి గొట్టం గుండా మెల్లగా పోస్తే రేణువులు దగ్గరగా సర్దుకుంటాయి. పైన .030 నుంచి .060 అంగుళం మందం అట్ట వాడ్ (గుండ్రటి బిళ్ల) వేసి కంప్రెషన్ డైతో కొద్దిగా నొక్కండి. ఎంత నొక్కాలన్నది మందు బ్రాండును బట్టి బాగా మారుతుంది: స్విస్ మందుకు కొంచెం చాలు, గోఎక్స్ ఎక్కువ కోరుతుంది. నొక్కడానికి గుండును వాడితే అది నలిగిపోతుంది. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ అసలు ఉండకూడదు, ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది. గుండు గాడుల్లో తేనెమైనం ఆధారంగా చేసిన మెత్తటి కందెన నింపండి.

మసిని అదుపులో ఉంచడం

బ్లాక్ పౌడర్ మండితే దాని బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. పొగగా పోయేది కొంత, గొట్టంలో పేరుకునేది కొంత. తడిగా ఉన్నంతసేపు అది మెత్తటి బురద, తర్వాతి గుండు దాన్ని తోసుకుపోతుంది. ఎండితే పెంకు. మొదటి నాలుగైదు గుళ్లు ఒకచోట పడి, ఆపైన చెల్లాచెదురైతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

తూటా రైఫిళ్లకు ఊదుడు గొట్టం వాడతారు. ఖాళీ కేసు అడుగున రంధ్రం చేసి దానికి ప్లాస్టిక్ గొట్టం బిగిస్తే చాలు. పేల్చాక కేసు తీసేసి, ఊదుడు గొట్టాన్ని చాంబర్‌లో (తూటా కూర్చునే వెనక భాగంలో) పెట్టి నిదానంగా, లోతుగా మూడు నుంచి ఆరు సార్లు ఊదండి. వేగంగా ఊదితే గాలి పోతుంది కానీ తేమ నిలవదు. ఎండ మాడే పొడి రోజున ఎనిమిదైనా తక్కువే కావచ్చు. తగినంత ఊదారో లేదో తర్వాతి తూటా చెబుతుంది: వేలితో నెడితే లోపలికి జారిపోవాలి, ఆగితే తేమ చాలలేదు. ఎంత ఊదితే బాగుందో ఆ సంఖ్యను ఆ రోజంతా మార్చకండి.

మూతి దగ్గర చూడండి. పేల్చాక అంచు మీద జిడ్డు నక్షత్రంలా కనిపిస్తే కందెన చివరిదాకా అందుతోంది. మూతి పొడిగా, లోపల చివరి నాలుగైదు అంగుళాలు గరుకుగా నల్లగా ఉంటే కందెన మధ్యలోనే అయిపోతోంది. 34 అంగుళాల గొట్టాలకు ఇది తరచూ వస్తుంది. ఎక్కువ కందెన పట్టే గాడులున్న గుండుకు మారండి.

కాగితం చుట్టిన గుళ్లు వాడితే ఊదడం చాలదు, ప్రతి గుండు తర్వాత తుడవాలి. ఒక తడి గుడ్డ, వెనకే పొడి గుడ్డ. తుడిచాక చాంబర్‌ను విడిగా పొడి గుడ్డతో ఆరబెట్టండి. అక్కడ మిగిలిన నీరు తర్వాతి తూటా మందును తడుపుతుంది, పైగా తడి గోడను కేసు పట్టుకోలేక తోపంతా బ్రీచ్ (గొట్టం వెనక మూత) మీద పడుతుంది.

గిబ్స్, విట్‌వర్త్ లాంటివాటికి ఇక్కడే దారి వేరవుతుంది. విట్‌వర్త్ గొట్టం ఆరు పలకలది, .451 అంగుళం, 20 అంగుళాలకు ఒక చుట్టు, నాటి గుండు 530 గ్రెయిన్లు. మూతి నుంచి దట్టించే రైఫిల్ గొట్టంలోకి ఎప్పుడూ నోటితో ఊదకండి, ప్రతి గుండుకూ తుడవండి. తడి గుడ్డ లోపల మిగిలిన నిప్పురవ్వనూ ఆర్పుతుంది. మందును డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పోయకుండా, ఒక్క గుండుకు సరిపడా ముందే కొలిచి పెట్టుకున్న చిన్న గొట్టాల్లోంచి పోయండి. గుండు మందును తాకిందని రాడ్ మీద పెట్టుకున్న గీతతో ప్రతిసారీ నిర్ధారించుకోండి.

రేంజ్ మీద

100 గజాల దగ్గర, శుభ్రమైన గొట్టంతో రెండు మూడు గుళ్లు పేల్చి వదిలేశాక సున్నా చేయడం (సైట్ చూపిన చోటే గుండు పడేలా సరిచేయడం) మొదలుపెట్టండి. కడ్డీ దాదాపు అడుగున ఉన్నప్పుడు 100 గజాలకు కుదరాలి. కుదరక గుండు ఎత్తుగా పడుతుంటే పొడవైన ముందు సైట్ కావాలి. ఆపైన 200, 300, 500 గజాలకు ఐదేసి గుళ్లతో వెర్నియర్ అంకె రాసుకోండి. 500 నుంచి ఒక్కసారిగా 1000కి దూకితే గుండు ఎక్కడ పడిందో కనిపించక తూటాలన్నీ అయిపోతాయి. 600, 800 గజాల దగ్గర ఆగి వెళ్లండి. పుస్తకంలో అంకెతో పాటు ఉష్ణోగ్రత, గాలి, వెలుగు, ఎన్నిసార్లు ఊదారు, ఏ విడత తూటాలు అన్నీ రాయండి.

పడుకుని క్రాస్ స్టిక్స్ (గొట్టాన్ని ఆనించే అడ్డంగా కట్టిన రెండు కర్రలు) మీద పేల్చేటప్పుడు గొట్టం కర్రలను తాకే చోట టేపు చుట్టి, ప్రతిసారీ అక్కడే ఆనించండి. ఆ చోటు ముందుకూ వెనక్కూ మారితే గుళ్లు నిలువు వరుసగా పడతాయి. జనం దాన్ని మందు లోపమనుకుని తూకాలు మారుస్తుంటారు. 1000 గజాలకు గుండు మూడు సెకన్లకు పైగా గాలిలో ఉంటుంది. కాబట్టి ఒక గాలి తీరును ఎంచుకుని, అది తిరిగి వచ్చినప్పుడే ట్రిగ్గర్ నొక్కండి. సెట్ ట్రిగ్గర్‌ను గురి కుదిరాకే సెట్ చేయాలి.

అదే రోజు శుభ్రం

మసిలోని లవణాలు గాలిలోని తేమను పీలుస్తాయి, ఒక్క రాత్రిలో తుప్పు మొదలవుతుంది. చాంబర్ వైపు నుంచి, చల్లటి నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి తడిపిన గుడ్డలు నడపండి. నాలుగైదు తర్వాత బూడిద రంగు తగ్గుతుంది. పొడి గుడ్డలతో ఆరబెట్టి, అప్పుడే నూనె పట్టించండి. లవణాలు కడగకుండా పైన నూనె రాస్తే అది తారులా అంటుకుని కింద తుప్పును దాచేస్తుంది. షార్ప్స్ బ్లాక్‌ను (చాంబర్‌ను వెనక నుంచి మూసే దిమ్మను) బయటికి తీసి దాని ముఖం, పక్కలు, ఫైరింగ్ పిన్ రంధ్రం తుడిచి, పల్చగా గ్రీజు రాయండి. లీవర్ బిగుసుకోవడం అక్కడి మసితోనే మొదలవుతుంది.

పేల్చిన కేసులను రేంజ్ మీదే సబ్బు నీళ్ల సీసాలో వేస్తే ఇంటికొచ్చాక పని సగం తగ్గుతుంది. ప్రైమర్లు తీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. మర్నాడు ఉదయం గొట్టంలో తెల్ల గుడ్డ ఒకటి నడపండి. గోధుమరంగు అంటితే ఎక్కడో తడి మిగిలింది. మళ్లీ నీళ్లతో మొదలుపెట్టి, మూడో రోజు ఇంకొక తెల్ల గుడ్డతో చూడండి.